పాయింటు తర్వాత

ఏడో నంబరు బోరు నీళ్ళని ఆవిడ ఆ ఉదయం మూడుసార్లు పరీక్షించింది. మొదటిసారి 1.82. రెండోసారి 1.84. మూడోసారి 1.83. సగటు 1.83 అని రిజిస్టర్లో రాసి, ఒకటికీ ఎనిమిదికీ మధ్య చుక్కని పెసరగింజంత చేసి పెట్టింది. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని చట్టం. అంటే 1.50. ఆ బోరు దాటింది. దాటాక ఏం చెయ్యాలో కూడా చట్టంలోనే ఉంది. ఎనలిస్టు సంతకంతో నివేదిక వెళ్ళిన మూడు రోజుల్లో బోరు ఆపాలి, ఆ ఇళ్ళకి ట్యాంకర్లు పంపాలి.

ఆ సంతకం ఆవిడది. నీటి పరీక్షల ల్యాబులో చేరి ఇరవై ఆరేళ్ళు, రిటైర్మెంటుకి ఇంకో రెండేళ్ళు. ల్యాబులో అందరూ ఆవిణ్ణి వెనకాల పాయింటమ్మ అంటారు. అలవాటుకొద్దీ ఎదురుగా కూడా అనేసి నాలుక కరుచుకుంటూ ఉంటారు. ఆవిడ పట్టించుకోదు. ఆ పేరు తనే సంపాదించుకుంది. చేరిన రెండో నెలలో ఒక స్కూలు బావి నీళ్ళకి 0.9 అని రాస్తే, చుక్క సన్నగా పడి, టైపు చేసే మనిషి దాన్ని 9 చేశాడు. నాలుగు రోజులు ఆ బావికి తాళం పడింది. అప్పటి పెద్దసారు కేకలెయ్యలేదు. తాళంచెవి ఆవిడ చేతికిచ్చి, మీరే వెళ్ళి తీసి రండి అన్నాడు. నాలుగు రోజులూ పిల్లలు ఇంటి నుంచి నీళ్ళు మోసుకొచ్చుకున్నారని హెడ్‌మిస్ట్రెస్ మెత్తగా చెప్పింది. కేకలేసి ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకి. మర్నాటి నుంచి చుక్క పెసరగింజంత అయింది.

ల్యాబులో సీసాలు కడిగే మనిషిని అందరూ సీసాలక్క అంటారు. పాయింటమ్మ కన్నా ఏడాది పెద్ద. ఫ్లోరైడు నీళ్ళకి గాజు సీసా పనికిరాదని, ప్లాస్టిక్ సీసాలే వాడాలని కొత్తగా చేరిన వాళ్ళకి పాఠం చెప్పేది ఆవిడే. ఖాళీ సీసాలు తీసుకెళ్ళడానికి వచ్చి, ఒకదాని మీద ఏడు అన్న అంకె చూసి ఆగింది. ఏడో నంబరు బోరు ఆమె ఉండే కాలనీది. నాలుగు వందల ఇళ్ళు.

"ఎంతమ్మా మాది?"

"ఒకటి పాయింట్ ఎనిమిది మూడు అక్కా."

"ఎక్కువా?"

"ఎక్కువే."

సీసాలక్క సీసాని కాసేపు చేతిలో తిప్పింది. "బోరు తెరిచి మూడు నెలలైంది అంతే. రిబ్బను కత్తిరించిన కత్తెర ఇంకా మా కాలనీ సంఘం బీరువాలోనే ఉంది. అద్దాల పెట్టె చేయిస్తారట దానికి."

పాయింటమ్మ నవ్వలేదు. సీసాలక్క మనవరాలికి నాలుగేళ్ళు. ఆ వయసులో ముందు ముందు రాబోయే పళ్ళు చిగుళ్ళ లోపల తయారవుతూ ఉంటాయి. ఇలాంటి నీళ్ళు తాగితే మచ్చలు పడి వస్తాయి, ఒకసారి పడ్డ మచ్చ పోదు. ఏళ్ళ తరబడి తాగితే ఎముకల దాకా వెళ్తుంది. ఇదంతా ఆవిడ మెల్లగా చెప్పింది. సీసాలక్క అంతా విని, మూడు రోజుల్లో ట్యాంకరు వస్తుందా అని ఒక్క మాటే అడిగింది. వస్తుంది, అది చట్టం అంది పాయింటమ్మ.

మర్నాడు మధ్యాహ్నం ట్యాంకరుకి బదులు శాసనసభ్యుడు వచ్చాడు. రిబ్బను కత్తిరించింది ఆయనే. నీటి ప్రమాణాల సమీక్షా సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆ సంఘంలో తొమ్మిది మంది ఉంటారు. ఎనిమిది మంది రాజకీయాల వాళ్ళు. తొమ్మిదో ఆయన ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పిన మాస్టారు, చెవులు సరిగ్గా వినిపించవు. ల్యాబు పెద్దసారు తన కుర్చీ ఖాళీ చేసి శాసనసభ్యుడికిచ్చి, తాను కిటికీ దగ్గర నిలబడ్డాడు. పాయింటమ్మని పిలిపించారు.

"రండక్కా, కూర్చోండి," అన్నాడు సభ్యుడు. ఎన్నికలు దగ్గర్లో లేకపోయినా అక్కా అంటున్నాడంటే పని పెద్దదే అనుకుంది ఆవిడ.

ఆయన కసురుకోలేదు, బెదిరించలేదు. బెదిరించి ఉంటే ఆవిడకి పని తేలికయ్యేది. చాలా ఓపిగ్గా మాట్లాడాడు. బోరు పడకముందు ఆ కాలనీకి వారానికి రెండు ట్యాంకర్లు వచ్చేవి. బిందెల దగ్గర కొట్లాటలు, ఒకామెకి చెయ్యి విరిగింది. ట్యాంకరు రాని రోజు కాలవ నీళ్ళు తాగి పిల్లలకి విరేచనాలు పట్టుకునేవి. ఇప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళు. కాలవ నీళ్ళ జబ్బు రేపే వస్తుంది, పళ్ళ మీద మచ్చ ఆరేళ్ళ తర్వాత వస్తుంది, ఈ రెండింట్లో ఏది ఆపమంటారో మీరే చెప్పండన్నాడు. అక్కడితో ఆగక, ఈ ఒకటిన్నర అన్నది మాత్రం ఆకాశంలోంచి ఊడిపడిందా అని అడిగాడు. ఎక్కడో పది మంది బల్ల చుట్టూ కూర్చుని పెట్టిందేగా. మేమూ తొమ్మిది మందిమి ఉన్నాం, మాకూ బల్ల ఉంది.

ఆవిడకి చిరాకు తెప్పించింది ఆ మాటల్లో సగం నిజం ఉండటమే. ట్యాంకర్ల సంగతి నిజం. విరిగిన చెయ్యీ నిజమే, సీసాలక్క పక్కింటామెది. ఒకటిన్నర అన్నది మనుషులు పెట్టిన గీతే. కాకపోతే ఆ బల్ల చుట్టూ కూర్చున్న వాళ్ళు పిల్లల పళ్ళు చూసి పెట్టారు, వీళ్ళు కత్తెర చూసి జరపాలంటున్నారు.

"సార్, ఆ నీళ్ళు తాగించాలా మానిపించాలా అన్నది మీరు తేల్చండి. అది మీ పనే. ఎంతుందో నేను తేలుస్తాను. అది నా పని. ఒకటి పాయింట్ ఎనిమిది మూడు ఉంది, అయినా ఆర్నెల్లు తాగండి, ఈలోగా వేరే పైపు వేయిస్తాను అని మీరు చెప్తే నాకేం అభ్యంతరం లేదు. మైకులో చెప్పండి, అంతే."

సభ్యుడు ఆవిడ వంక జాలిగా చూశాడు. "అవి మైకులో చెప్పే మాటలా అక్కా?"

పెద్దసారు ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. ఆ గదిలో ఆ రోజు నీళ్ళ మీద జరిగిన పని అదొక్కటే. ఆవిడ నివేదిక మీద సంఘం ఆలోచిస్తుందని, అప్పటిదాకా పక్కన పెట్టమని చెప్పి సభ్యుడు వెళ్ళిపోయాడు.

సంఘం పదిహేను రోజులు ఆలోచించింది. బోరు నడుస్తూనే ఉంది. పాయింటమ్మ పెద్దసారుని రోజుకొకసారి అడిగింది, ఆయన రోజుకొకసారి ఫైలు పైన ఉందన్నాడు. పైన అంటే ఎక్కడని అడిగితే వేలు పైకెత్తి చూపించాడు. అటు సీలింగు ఫ్యాను తప్ప ఏమీ లేదు.

పదహారో రోజున సర్క్యులర్ వచ్చింది. నీటి నివేదికల్లోని అంకెలు సామాన్యులకి అర్థం కావడం లేదని ఫిర్యాదులు అందినందువల్ల, ఇకపై ఫలితాలను "సమీప పూర్ణాంకానికి సవరించి" చూపవలెనని ఉంది. దశాంశాలు ఉండరాదు. పరిమితి ఒకటిన్నర యథాతథం. నివేదిక ఫారం కూడా కొత్తది వచ్చింది, ఫలితం గడిలో ఒక్క అంకె పట్టేంత చోటే ఉంది. రిమార్కుల గడి ఎత్తేశారు.

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. తనే తప్పు చదువుతున్నానేమోనని జిరాక్సు తీసి ఇంటికి పట్టుకెళ్ళింది. ఆవిడ భర్త వేబ్రిడ్జిలో లారీలు తూచే మనిషి. ఇరవై కిలోలకొక అంకె చూపించే కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు, అంకెలు సవరించడం అంటే ఏమిటో ఆయనకి చెప్పక్కర్లేదు. కళ్ళజోడు పెట్టుకుని చదివి, వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"సగానికి తక్కువుంటే కిందికి, సగం దాటితే పైకి. అంతేగా? నీ ఒకటి పాయింట్ ఎనిమిది మూడు పైకి పోయి రెండవుతుంది. వాళ్ళే నీ బోరుని ఇంకాస్త గట్టిగా ఫెయిల్ చేశారే."

"నవ్వకండి. సరిగ్గా ఒకటిన్నర ఉన్నది కూడా రెండవుతుంది."

"అలాంటి బోరుందా?"

"రెండో నంబరుది. పాత బస్టాండు దగ్గర."

ఆయన నవ్వు ఆపేశాడు.

అసలు జరిగిందేమిటో వారం తర్వాత పెద్దసారు చెప్పాడు. సంఘంలో శాసనసభ్యుడు అన్న మాట "ఆ పాయింట్లు తీసిపారేయండి" అని. పాయింట్లు తీసిపారేస్తే 1.83 ఒకటి అవుతుంది, ఒకటి ఒకటిన్నర లోపే, గొడవ లేదు. కెమిస్ట్రీ మాస్టారికి వినపడలేదు. మిగతా వాళ్ళు తలూపారు. సర్క్యులర్ రాయాల్సిన గుమాస్తా తీసిపారేయడం అన్న మాట ప్రభుత్వ కాగితం మీద బాగుండదని, కాస్త మర్యాదైన మాట కోసం వెతికాడు. తన కొడుకు లెక్కల పుస్తకంలో దొరికింది. సమీప పూర్ణాంకానికి సవరించి. బుద్ధిగా రాసి సంతకానికి పెట్టాడు. పెద్దలు చదవకుండా పెట్టేశారు.

పాయింటమ్మ ముందు రెండు దారులున్నాయి. ఈ మాట తప్పు పడిందని పైకి రాయొచ్చు. రాస్తే మర్నాడే దిద్దుతారు, 1.83 ఒకటి అవుతుంది. లేదా సర్క్యులర్‌లో ఉన్నది ఉన్నట్టు చెయ్యొచ్చు. ఆవిడ ఉన్నది ఉన్నట్టు చేసింది. ఏడో నంబరుకి 2 అని రాసింది. రెండో నంబరుకి పెన్ను ఎత్తి కాసేపు ఆగింది. ఆ నీళ్ళలో ఏ దోషమూ లేదు. 1.50 అంటే గీత మీద ఉంది, దాటలేదు. కానీ ఒక బోరుకి సర్క్యులర్ పాటించి ఇంకోదానికి పాటించకపోతే మొదటి దాన్ని కూడా కొట్టేస్తారు. పళ్ళు కొరుక్కుంటూ దానికీ 2 వేసింది. స్కూలు బావి తాళంచెవి గుర్తొచ్చింది.

రెండు బోర్లూ ఆపేశారు. కాలనీకి రోజూ రెండు ట్యాంకర్లు రావడం మొదలైంది. చట్టం ఎంత చక్కగా పని చేస్తుందో చూసి ఆవిడకి ముచ్చటేసింది కూడా. ఆ ముచ్చట సీసాలక్క వచ్చేదాకా నిలిచింది.

"మా బోరు సరే అమ్మా. బస్టాండు బోరుకేం పుట్టింది?"

ఆవిడ చెప్పింది. సవరింపు, సగం, పైకి, కిందికి. సీసాలక్క చేతిలో బ్రష్షు పట్టుకుని అంతా వింది.

"అంటే మంచి నీళ్ళని మీరే చెడ్డవని రాశారు."

"నేను కాదక్కా, సర్క్యులర్."

"సర్క్యులర్ సంతకం పెట్టదు కదమ్మా," అంది సీసాలక్క. ట్యాంకరు చాలని రోజుల్లో తాను ఆ బస్టాండు బోరు నుంచే రెండు బిందెలు తెచ్చుకునేదాన్నని, ఇప్పుడు దానికి కూడా తాళమేశారని, ఆ బోరు చుట్టూ ఉన్న అద్దె ఇళ్ళ వాళ్ళకి ట్యాంకరు దక్కడం లేదని చెప్పింది. కోపంగా చెప్పలేదు. సీసా అడుగున మురికి ఉందని చెప్పినట్టే చెప్పింది. చెప్పి సీసాలు కడగడానికి వెళ్ళింది.

పాయింటమ్మ ఆ రోజు అన్నం డబ్బా మూత తియ్యలేదు. అడ్డమైన వాళ్ళు అడ్డమైన మాట రాస్తే, దానికి కట్టుబడి తను కూడా ఒక అబద్ధం రాసింది. వాళ్ళ అబద్ధం కన్నా తన అబద్ధానికి విలువ ఎక్కువ, కింద ఎనలిస్టు అని ఉంది కాబట్టి. ఎవరి మీద విసుక్కోవాలో తెలియక, ఫ్లోరైడు కొలిచే ఎలక్ట్రోడ్ కడిగిన నీళ్ళు సింకులో గట్టిగా పారబోసింది.

పదో రోజున సవరణ సర్క్యులర్ వచ్చింది. సవరణకే సవరణ. "సమీప పూర్ణాంకానికి సవరించి" అన్న మాటల స్థానంలో "దశాంశ భాగమును విస్మరించి" అని చదువుకోవలెను. ఈసారి గుమాస్తాకి పక్కన కూర్చుని చెప్పి రాయించారు. ఇప్పుడు ఏడో నంబరు ఒకటి. రెండో నంబరు ఒకటి. 1.99 ఉన్నా ఒకటే. ఊళ్ళో నలభై బోర్లలో ఇరవై ఏడింటికి ఫలితం సున్నా అని వస్తుంది. చట్టంలో ఒకటిన్నర అలాగే ఉంది. దాన్నెవరూ వేలితో కూడా ముట్టుకోలేదు. రెండుకి చేరితే తప్ప ఏ బోరూ దాటనట్టు చేశారంతే.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళింది. ఇది పరీక్ష కాదని, ఇలాంటి దానికి ఎలక్ట్రోడ్ ఎందుకు, నాకెందుకు జీతం, అరడజను రబ్బరు స్టాంపులు చేయించుకుంటే సరిపోతుందని అంది. ఆయన తలుపు వేసి వచ్చాడు.

"నువ్వు సంతకం పెట్టకపోతే నీ కిందవాళ్ళు పెడతారు. వాళ్ళు వారానికోసారి కూడా మిషను కాలిబ్రేట్ చెయ్యరు, నీకు తెలుసు. అప్పుడు రిజిస్టర్లో అంకె కూడా పోతుంది. ఇప్పుడు నివేదికలో ఒక్కటే పోతోంది."

"మీరు ఒక్క ఉత్తరం రాయొచ్చుగా సార్. ఇది తప్పు అని. ఒక్క ముక్క."

"రాశాను," అన్నాడాయన. సొరుగు తీసి చూపించాడు. ఉత్తరం ఉంది. తేదీ మొదటి సర్క్యులర్ నాటిది. సొరుగులోనే ఉంది.

ఆవిడ బల్ల దగ్గరికి తిరిగి వచ్చి ఏడో నంబరు నీళ్ళు మళ్ళీ పెట్టింది. కొత్త శాంపిలు. 1.83, 1.82, 1.84. రిజిస్టర్లో రాసింది. నివేదిక ఫారంలో 1 అని రాసింది, ఒక్క అంకె పట్టే గడిలో. సంతకం పెట్టింది. బస్టాండు బోరు తెరుచుకుంటుందని తనకి తాను చెప్పుకుంది. అది నిజమే. ఏడో నంబరు కూడా తెరుచుకుంటుంది.

సాయంత్రం సీసాలక్క బల్ల తుడుస్తూ, తలెత్తకుండా అడిగింది. "ఎంతమ్మా మాది?"

"ఒకటి."

"పాయింటు తర్వాత?"

పాయింటమ్మ పెన్ను కిందపెట్టింది. చెప్పకూడదు. నివేదికలో లేని అంకెని నోటితో బయటికి చెప్పరాదని కూడా సర్క్యులర్‌లో రాశారు, ఆ విషయంలో మాత్రం వాళ్ళకి ఒక్క మాట కూడా తప్పు పడలేదు. చెప్పకూడదన్న ఆ మాటే చెప్పింది. సీసాలక్క తలూపి, గుడ్డ పిండుకుని, నడవలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి పిలిచింది.

నడవలో గోడకి ఒక పాత చెక్క బోర్డు ఉంది. ల్యాబు కట్టిన నాటిది. దాని మీద పది నిబంధనలు తెల్లరంగుతో రాసి ఉన్నాయి, సగం రాలిపోయాయి. పాయింటమ్మ ఇరవై ఆరేళ్ళుగా దాని ముందు నుంచే నడుస్తోంది. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని తుడుస్తున్నది సీసాలక్క.

"ఎనిమిదోది చదవండి," అంది.

నీటి వనరు వాడుకునే ఎవరైనా దరఖాస్తు పెడితే, పరీక్ష రిజిస్టరులోని ఫలితమును ఎనలిస్టు స్వహస్తములతో రాసి, ఏడు రోజుల్లోగా ఇవ్వవలెను.

ఆవిడ గదిలోకి వెళ్ళి కొత్త సర్క్యులర్లు రెండూ తెచ్చి, అక్కడే నిలబడి మొదటి నుంచి చదివింది. నివేదిక గురించి ఉంది. ఫారం గురించి ఉంది. నోటి గురించి ఉంది. రిజిస్టరు గురించి లేదు. దరఖాస్తు గురించి లేదు. పెద్దసారుని పిలిచి చూపించింది. ఆయన బోర్డుని, సర్క్యులర్లని, మళ్ళీ బోర్డుని చూసి, ఈ బోర్డుని ఇంకా ఎవరూ తీసెయ్యలేదా అన్నాడు. వద్దు అని మాత్రం అనలేదు. ఆయన అంత దూరం వెళ్ళడం అదే మొదటిసారి.

సీసాలక్క దరఖాస్తు అక్కడే రాసింది. రెండు వాక్యాలు. పాయింటమ్మ తెల్లకాగితం మీద 1.83 అని రాసి, పరిమితి 1.50 అని పక్కన రాసి, చుక్కలు పెసరగింజంత చేసి, సంతకం పెట్టి ఇచ్చింది. సీసాలక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో పెట్టుకుంది. ఇంటికెళ్ళి మనవరాలికి బస్టాండు బోరు నీళ్ళు వేరే బిందెలో పెడతానంది. మోసేది తనే కదా, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

"ఎంత దూరం అక్కా?"

"కిలోమీటరున్నర. మీ లెక్కలో ఎంతమ్మా, ఒకటేనా?"

మర్నాడు ఉదయం ఆవిడ తొమ్మిదిన్నరకి వచ్చేసరికి నడవలో జనం. అందరూ ఏడో నంబరు కాలనీ వాళ్ళే. ఒకాయన కిటికీలోంచి తల పెట్టి, పాయింటు తర్వాత ఎంతో ఇక్కడేనా ఇచ్చేది అని అడిగాడు. జిరాక్సు తీసి ఇద్దామని ఆవిడ ఒక్క క్షణం అనుకుంది. నిబంధనలో స్వహస్తములతో అని ఉంది. ఒక్క మాట అటూ ఇటూ అయితే ఏమవుతుందో చూసింది కదా, ఆ పని చెయ్యలేదు. దినపత్రికలో ఇంకా ఏమీ రాలేదు, సభ్యుడి దగ్గర్నుంచి ఫోనూ రాలేదు. రెండూ ఒకే రోజు వస్తాయని, ఆ మర్నాడు గోడ మీద బోర్డు ఉండదని పెద్దసారు తన గదిలో కూర్చుని చెప్పాడు. అయితే తొందరగా రాయాలి అంది ఆవిడ. ఎలక్ట్రోడ్ పక్కకి జరిపి, కాగితాల కట్ట విప్పి మొదలుపెట్టింది. ఆ రోజు ఇంకే నీళ్ళూ పరీక్షించలేదు. కాలనీలో కుళాయిలు తిరుగుతూనే ఉన్నాయి.

సాయంత్రం ఐదింటికి చెయ్యి తిమ్మిరెక్కింది. నలభై మూడుసార్లు 1.83 రాసింది. నడవలో ఇంకా పదకొండు మంది ఉన్నారు.